కేథరిన్ అరచేతి ఎరుపు

ఉమామహేశ్‌ని కుళ్ళుబోతు అని నేను అనను. ఆ మాట వాళ్ళమ్మ మహాలక్ష్మమ్మే అంటుంది, అదీ ఏక్‌బాల్‌పూర్ తెలుగువాళ్ళ సందులో అందరికీ వినపడేలా. చిన్నప్పుడు పక్కింటి పిల్లాడికి కొత్త చొక్కా కుట్టిస్తే ఇతనికి జ్వరం వచ్చేదట. పెద్దయ్యాక గార్డెన్ రీచ్ యార్డులో ఓడల మీద పేర్లు రాసే పని దొరికింది. తాళ్ళకు వేలాడదీసిన పలక మీద కూర్చుని, గాలికి ఊగుతూ, మనిషంత ఎత్తు అక్షరాలు వంకర పోకుండా రాస్తాడు. పనిమంతుడే, కాదనను. కాకపోతే పక్క ఓడ మీద ఇంకొకడు రాసిన పేరు బాగుందని ఎవరైనా అన్నారో, ఆ పూట అన్నం సయించదు.

అలాంటివాడికి దేవుడు ఏరి కోరి జ్యోతిరాణిని కట్టబెట్టాడు. పెళ్ళైన కొత్తలో ఆమె మొగుడికి రంగులు కలిపి ఇచ్చేది. తర్వాత అంచులు దిద్దడం, ఆ తర్వాత చీర మడతలు వెయ్యడం నేర్చుకుంది. ఒక ఏడాది పూజా పందిట్లో పెట్టే పటానికి అమ్మవారి కళ్ళు కూడా తనే వేసింది. "ఈసారి కళ్ళు భలే కుదిరాయి మహేశ్‌దా" అని పందిరి బెంగాలీ కుర్రాళ్ళు అతని భుజం తట్టారు. అతను ఔననలేదు, కాదనలేదు. ఇంటికొచ్చి కుంచెలు సరిగ్గా కడగలేదని ఆమె మీద ఎగిరాడు.

వాళ్ళ ఇంటికి దగ్గర్లో ఓ పాత చర్చి ఉంది. రెండు మఠాల వాళ్ళు దాన్ని కలిసి చూసుకుంటారు. గోధుమరంగు అంగీ వేసుకుని నడుముకి ముడుల తాడు కట్టుకునే బ్రదర్లు ఫ్రాన్సిస్ అనే పాతకాలపు సాధువు బాట పట్టినవాళ్ళు. తెల్ల అంగీ, నల్ల ముసుగు సిస్టర్లు డొమినిక్ బాటవాళ్ళు. పైకి ఎంతో మర్యాదగా ఉంటారు గాని, పూలకుండీ ఎటు పెట్టాలన్నా ఇద్దరికీ పడదు. గోడలు బాగుచేయించాక బ్రదర్లు తమ ఫ్రాన్సిస్ పటం వెయ్యమని ఉమామహేశ్‌ని పిలిచారు. సిస్టర్లు కూడా తమ మఠపు సాధ్వి కేథరిన్ పటం కోసం తననే పిలుస్తారని అతను ఎదురుచూశాడు. వాళ్ళు జ్యోతిరాణిని పిలిచారు.

రెండు పటాల్లో ఒకటి బలిపీఠం పక్కన ఉంటుంది. రెండోది తలుపు వెనక, వానాకాలం గొడుగులు ఆనించే మూలలో. ఏది ఎక్కడో చర్చి పండగనాడు పెద్ద ఫాదర్ చూసి చెబుతారు. ఉమామహేశ్‌కి ఆ గొడుగుల మూల కల్లోకి రావడం మొదలైంది.

ఆ సాధువులు ఎలా ఉండాలో చెప్పడానికి సిస్టర్లు భవానీపూర్ నుంచి లక్ష్మీసౌజన్య గారిని పంపారు. ఆవిడ భర్తది బ్యాంకు ఉద్యోగం, ఆవిడ కాలేజీలో చిత్రకళ చరిత్ర చెబుతారు. ఇటలీ పటాల నకళ్ళు వాళ్ళింట్లో మంచం మీద పరిచి మొదలుపెట్టారు.

"ఈ మఠాల వాళ్ళు ఊరూరా తిరిగి బోధించేవాళ్ళు. వినే జనానికి చదువు రాదు. అందుకని విశాలమైన చర్చిలు కట్టి గోడల నిండా కథలు బొమ్మలుగా వేయించారు. అంతకుముందు సిలువ మీద ఏసు కళ్ళు తెరిచి రాజులా నిటారుగా ఉండేవాడు. ఫ్రాన్సిస్ వాళ్ళ ప్రభావంతో తల వాలింది, నెత్తురు కారింది. చూసినవాళ్ళకి ఏడుపు రావాలని."

"మరి ఈ తెల్లంగీలోళ్ళో?" అంది జ్యోతిరాణి.

"వాళ్ళకి చదువు ముఖ్యం. అందుకే వాళ్ళ సాధువుల చేతుల్లో పుస్తకాలుంటాయి. ఏ మఠం వేయించే పటంలో ఆ మఠం సాధువు మేరీమాతకి దగ్గరగా నిలబడతాడు. పక్క మఠం వాళ్ళది గొప్ప పటం అయితే, మాకు అంతకంటే గొప్పది కావాలని చిత్రకారుల వెంట పడేవాళ్ళు."

"అయితే సన్నాసులకీ కుళ్ళేనన్నమాట" అన్నాడు ఉమామహేశ్, ప్రాణం తేలికపడినవాడిలా.

"ఇంకా వినండి. ఏసుకి మేకులు దిగిన చోటే ఫ్రాన్సిస్‌కీ గాయాలు వచ్చాయని నమ్మకం. ఆ వరం మా ఒక్క సాధువుదే అని వాళ్ళకి గర్వం. తర్వాత కేథరిన్‌కీ వచ్చాయని డొమినిక్ వాళ్ళు పటాలు వేయించేసరికి పెద్ద రగడ. ఫ్రాన్సిస్ మఠం నుంచి పోపు అయిన ఒకాయన, కేథరిన్‌ని గాయాలతో గీయకూడదని ఏకంగా ఆజ్ఞ వేశాడు. ఆవిడ గాయాలు కంటికి కనిపించనివి అంటారు. తర్వాతి కాలంలో కొందరు నెత్తురు మానేసి వెలుగు గీశారు. ఇప్పుడు ఏ నిషేధమూ లేదు, మీ ఇష్టం."

ఆ చివరి మాట ఉమామహేశ్ చెవికి ఎక్కలేదు.

ఇద్దరూ ప్లైవుడ్ పలకల మీద, ఓడల రంగులతోనే వేశారు. అతని ఫ్రాన్సిస్ బాగానే వచ్చాడు, తాడు ముడులతో సహా. ఆమె కేథరిన్ మాత్రం చూసేవాళ్ళ కాళ్ళు కట్టేసింది. తెల్లటి అంగీ, వంచిన తల, ముందుకు చాచిన అరచెయ్యి, అందులో ఓడకి వేసే సిగ్నల్ ఎరుపుతో గాయం. చెయ్యి ఖాళీగా ఉంటే అడుక్కుంటున్నట్టుంది అనిపించి ఆ ఎరుపు పెట్టాల్సి వచ్చిందట. మహాలక్ష్మమ్మ రెండు పటాల ముందూ నిలబడి, కొడుకు పటం ముందు దణ్ణం పెట్టింది. కోడలి పటం ముందు దణ్ణం పెట్టడమే మరిచిపోయింది. అది అతను చూశాడు.

"ఆ ఎరుపు తీసీయే" అన్నాడు పెళ్ళాంతో. "గాయాలు మా ఫ్రాన్సిస్‌వి. పోపే ఒద్దన్నాడంట గదా."

"ఒద్దన్న పోపు ఎప్పుడో పోనాడు మావా. నీకేటి నొప్పి?"

"నాకేటి నొప్పి? రూలు సెప్తన్నాను."

"నీ బొమ్మకి పెట్టుకున్నావు గదా రొండు సేతులకీ. నాను ఒక్క సేతికి పెడితే ఓర్వలేకపోతన్నావు."

నిజమే, ఓర్వలేకపోయాడు. పలకలు చర్చికి చేరాక, చట్రాలకి వార్నిష్ కొట్టే నెపంతో ఒక పొద్దున్న ఒంటరిగా వెళ్ళాడు. తోటమాలి అటు తిరగ్గానే డబ్బా మూత తీసి, చర్మం రంగుతో ఆ గాయం కప్పేశాడు. వేళ్ళ నీడతో సహా ఎంత నున్నగా కలిపాడంటే అక్కడ ఏమీ లేనట్టే ఉంది. పండగ దగ్గరపడ్డాక చర్చికి వెళ్ళి చూసిన జ్యోతిరాణికి విషయం తెలిసింది. చర్చిలో గొడవ చెయ్యలేదు. ఇంట్లో అతనితో మాట్లాడటం మానేసింది.

అయితే తొందరలో అతను ఒకటి మరిచిపోయాడు. ఆ ఎరుపు మహా మొండిది. ఎర్ర అక్షరాల మీద కొత్త పేరు రాసేటప్పుడు ముందు లక్క పూత వేసి, అది ఆరాకే పైరంగు వేస్తారు. లేదంటే అడుగున ఉన్న ఎరుపు పైరంగులోకి ఊరుతుంది. యార్డులో చేరినవాడికి మొదటివారమే చెప్పే పాఠమిది. పెళ్ళానికి కూడా ఇతనే నేర్పాడు.

పండగనాడు పటాల మీది గుడ్డలు తీశారు. కేథరిన్ అరచేతిలో గాయం లేదు. చర్మం లోపలి నుంచి దీపం పెట్టినట్టు గులాబీ ఛాయ ఒకటి పైకి తేలి ఉంది. అంచులు లేవు, నెత్తురు లేదు. వచ్చినవాళ్ళు ఆ చెయ్యి ముందు నుంచి కదలడం లేదు. గోధుమరంగు అంగీల బ్రదర్లు కూడా తమ ఫ్రాన్సిస్‌ని వదిలేసి అటే వెళ్ళారు.

"గాయం బదులు వెలుగు!" లక్ష్మీసౌజన్య గారు జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చారు. "ఇలా వెయ్యాలని ఎలా తోచింది జ్యోతిరాణీ?"

ఉమామహేశ్ గుంపు వెనక్కి జరిగాడు. నోరు విప్పితే లక్క వెయ్యని తొందరపని బయటపడుతుంది, దొంగచాటుగా దిద్దిన సంగతీ బయటపడుతుంది. ఊరుకుంటే ఆ పొగడ్తంతా పెళ్ళానికి పోతుంది. ఏది ఎక్కువ మండుతోందో అతనికే తెలియలేదు.

జ్యోతిరాణి పటం దగ్గరికి వెళ్ళింది. ఏం జరిగిందో ఆమెకి చూడగానే అర్థమైంది.

"అది నాను ఎయ్యలేదు మేడమ్. సెయ్యి మా మావ దిద్దినాడు" అంది.

అందరూ అతనివైపు తిరిగారు. పెద్ద ఫాదర్ వచ్చి చేతులు పట్టుకున్నారు. సిస్టర్లు బెంగాలీలో ఏదో అంటూ నవ్వారు. కేథరిన్‌ని బలిపీఠం పక్కనే పెట్టాలన్నారు ఫాదర్. నిచ్చెనెక్కి మేకు కొట్టింది ఉమామహేశే. ఆ తర్వాత తన ఫ్రాన్సిస్‌ని తనే మోసుకెళ్ళి గొడుగుల మూలలో తగిలించాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక జ్యోతిరాణి చీర కూడా మార్చుకోకుండా గడపలో కూలబడింది.

"ఎందుకే అలా సెప్పీసినావు?" అన్నాడు అతను.

"నాది కానిది నాదని ఎలా సెప్పుకుంటాను?" ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "నెలల తరబడి ఏసినాను మావా. మొకం ఏసినాను. ఆ తెల్ల బట్ట మడతలు ఏసినాను. ఒక్కలంటే ఒక్కలు మొకం సూడనేదు. నువ్వు పాడుసేసిన సెయ్యే కనబడింది ఆలందరికీ."

అంటూనే ఆమె అతని కుడిచేతి వైపు చూసింది. ఆ చూపు ఉమామహేశ్‌కి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ అద్దంలో చూసుకుంటున్నదే అది.

అతనికి జాలి కలిగింది. కానీ దానికంటే ముందు, కడుపులో చల్లగా, సంతోషం కలిగింది. అది ఆమెకి కనపడకుండా లోపలికి వెళ్ళి కంచాలు కడిగాడు. ఇద్దరికీ అన్నం పెట్టి పిలిచాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట అతనికి బాగా ఆకలేసింది. జ్యోతిరాణి తనకి అన్నం సయించడం లేదంది.