అత్తమ్మ వీపు చెప్పిన సంగతి

మా అత్తమ్మ పోయిందని బడికి ఫోన్ వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ పొద్దున నేను బయలుదేరుతుంటే వాకిట్లో ఎండకు నిలబడి, "డబ్బా పెట్టుకున్నవా?" అని అడిగిన మనిషి. పది గంటలకు చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుంది. అక్కడే గుండె ఆగిపోయింది. డెబ్బై కూడా నిండలేదు. ఏడుపు కాస్త నిదానించాక నాకు మొదట తోచిన మాట కొందరికి కటువుగా అనిపించవచ్చు. మంచాన పడలేదు కదా అనుకున్నాను. ఆమె భయపడింది ఆ ఒక్కదానికే.

వాళ్లమ్మ కల్లంలో కాలు జారి తుంటి విరగ్గొట్టుకుని, ఆరు నెలలు నులక మంచంలో ఉండి పోయింది. ఆ ఆరు నెలలూ ఎత్తి దించింది మా అత్తమ్మే. "సావంటే నాకేం లేదు బిడ్డా, ఒకల చేతుల మీద పడుడే వద్దు" అనేది.

అంత భయం ఉన్న ఆమెకూ, పిల్లలకు ఎముకల పాఠం చెప్పే నాకూ కళ్లెదుట జరుగుతున్నది మాత్రం కనబడలేదు. మాది బూర్గంపాడు దగ్గర పల్లె. మిర్చి ఏరే కాలం వస్తే ఆడవాళ్లంతా నడుం వంచి సాళ్లలోనే ఉంటారు. నడుం నొప్పిని ఎవరూ జబ్బు కింద లెక్కెయ్యరు. అత్తమ్మ వీపు ఏడాదికేడాది వంగుతుంటే మేం దాన్ని మిర్చి వంపు అని నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను.

సంగతి కనిపెట్టింది టైలర్ భాయ్ భార్య.

మా దగ్గర జాకెట్టు కుట్టించాలంటే పెద్దవాళ్లు ఒంటికి టేపు పెట్టనివ్వరు. బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇస్తారు. అత్తమ్మ ఆది నా పెళ్లికి కుట్టించుకున్నది. పదేళ్లు దాటినా అదే ఆది, అదే భాయ్. కొన్నాళ్లుగా కొత్త జాకెట్టు ఏదీ ఆమెకు కుదరడం లేదు. ఒకరోజు దుకాణంలోనే ఆయన్ని దులిపేసింది.

"ఏంది భాయ్, గుడ్డ మిగుల్చుకుంటున్నవా? ఎనక మీదికి లేస్తంది, ముంగట ముడతలు పడ్తంది."

భాయ్ నిదానస్తుడు. పాతదాన్నీ కొత్తదాన్నీ బల్ల మీద ఒకదానిపై ఒకటి పరిచాడు. "చూడున్రి అమ్మా. దారమంత తేడా ఉన్నా మళ్ల కుట్టిస్త." తేడా లేదు. అత్తమ్మ అయినా తగ్గలేదు. పక్కన హుక్కులు కుడుతున్న ఆయన భార్య లేచి, ఆమెను తెర వెనక్కి తీసుకెళ్లి టేపు పెట్టి చూసింది. వచ్చి నాతో మెల్లగా చెప్పింది.

"ఆది మంచిగనే ఉంది టీచరమ్మా. వీపే మారింది. మా అమ్మీకి గిట్లనే గూని మొదలైతే ముసలితనం అనుకున్నం. ఒకనాడు బకెట్ లేపితే నడుంల బొక్క విరిగింది. జల్దీ ఖమ్మం తోల్కపోయి చూపించున్రి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒకే ఇంట్లో ఉంటూ నేను చూడని వీపును ఆమె ఒక్క టేపుతో చూసింది.

ఖమ్మంలో ఎముకల స్కానింగ్ చేయించాం. ఎముకలు గుల్లబారాయనీ, వెన్నులో రెండు పూసలు ఎప్పుడో నలిగిపోయాయనీ డాక్టరమ్మ చెప్పింది. "నేను యాడా పడలే కదమ్మా" అంది అత్తమ్మ. పడనక్కర్లేదట. బలం పోయిన పూస బస్తా ఎత్తినా నలిగిపోతుంది. మనం నడుం పట్టేసిందనుకుని మందు రాసుకుని ఊరుకుంటాం. ఆ తర్వాత డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. వాళ్లమ్మకు తుంటి విరిగిందా? విరిగింది. అత్తమ్మ ఆయాసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ గోళీలు వాడిందా? లేదు. చుట్ట, పొగాకు? లేవు. పాలు తాగేదా, గుడ్లు తినేదా? "ఉన్ననాడు తిన్నం." నెలసరి ఎప్పుడు ఆగింది?

అత్తమ్మ నవ్వింది. "ఆగుడేందమ్మా, తీయించుకున్న. నాకు అప్పటికి ముప్పై నిండలే. గర్భసంచి తీసేస్తే పీడ పోతదన్నరు, పనికి అడ్డం ఉండదన్నరు. మా వాడకట్టుల ఒకతె ఎనక ఒకతె అందరం పోయినం."

సంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారని పరీక్షల్లో తేలింది. ఎముకలను కాచే హార్మోను వాటి నుంచే వస్తుందట. ఆడవాళ్లకు యాభై దగ్గర తగ్గిపోయేది, ఈమెకు ముప్పైకే ఆగిపోయింది. "ఇదేం అరుదైన జబ్బు కాదమ్మా" అంది డాక్టరమ్మ. "మీలాంటోళ్లు రోజూ వస్తరు. మగవాళ్లూ వస్తరు, కొంచెం ఆలస్యంగ. బాధేందంటే, చానామంది విరిగినంకనే వస్తరు."

తిరుగు బస్సులో అత్తమ్మ స్కానింగ్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక, "ఏం తీస్తున్నరని ఒక్కతన్నా అడగలే బిడ్డా" అంది.

ఆ రోజు నుంచి అడగడం మొదలుపెట్టింది. ఇక ఆపలేదు. మిర్చి కూలీలు సద్దులు విప్పి తినేచోటికి వెళ్లి కూర్చుని, "నీది ఎప్పుడు ఆగింది? మీ అమ్మ గూనిదా?" అని ఆరా తీసేది. ఆయాసం గోళీలు మింగే పక్కింటి మామను కూడా వదల్లేదు. నేను సిగ్గుతో చచ్చేదాన్ని. నన్నైతే మరీ ఏడిపించేది. "ఫ్యాను కింద బొక్కల పాఠం చెప్తవ్, ఎండల మాత్రం నిలబడవ్" అని పొద్దున్నే వాకిట్లోకి తరిమేది. రాగి జావ, నువ్వుల ఉండ, మునగాకు పప్పు మా ఇంట్లో చట్టాలయ్యాయి. ఎప్పుడూ అనే మాట ఒకటుండేది. "బొక్కలు మూగయి బిడ్డా. అవి చెప్పయి, మనమే అడగాలె."

ఆమె మందు వారానికో గోళీ. సోమవారం పరగడుపున గ్లాసెడు నీళ్లతో మింగి, అరగంట దాకా ఏమీ తినకూడదు, నడుం వాల్చకూడదు. ఆ అరగంట అరుగు మీద కూర్చుని ఫోన్ల దర్బారు పెట్టేది. రెండేళ్ల కింద అలాంటి ఒక సోమవారమే పినపాకలో ఉన్న కూతురు, అంటే నా ఆడబిడ్డ, తనకు సంచి తీసే ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారని చెప్పింది. అత్తమ్మ ఫోన్ పెట్టేసి లోపలికొచ్చింది. నాతో సెలవు పెట్టించి, ఆ పూటే పినపాక పోవడానికి మణుగూరు బస్సెక్కింది.

ఆడబిడ్డకు నలభై కూడా లేవు. మనిషి సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది. "నెలల పదిహేను రోజులు ఆగుతలేదమ్మా" అంది. "పనికెట్ల పోవాలె? మా తోడికోడలు తీయించుకుంది, మంచిగనే ఉంది."

"నేను గూడ మంచిగనే ఉంటి" అంది అత్తమ్మ. తలుపు దగ్గరికి వేసి, కొంగు తీసి, కూతురికి వీపు తిప్పి కూర్చుంది. "చెయ్యి పెట్టి చూడు."

ఆడబిడ్డ వేళ్లతో ఆ పూసలను ఒక్కొక్కటే తడిమింది. వంపు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"తీయక తప్పదని ఇంకో డాక్టరు గూడ చెప్తే నేనే దగ్గరుండి చేయిస్త. ఊకె మాత్రం పోవద్దు బిడ్డా" అంది అత్తమ్మ. ఇద్దరూ ఏడ్చారు. నేను చాయ్ పెట్టే వంకతో లోపలికి వెళ్లి ఏడ్చాను.

ఖమ్మంలో మళ్లీ చూపించాం. సంచిలో చిన్న గడ్డ ఉంది, ఒంట్లో రక్తం బాగా తగ్గింది, ముందు మందులతో చూద్దామన్నారు. వెంటనే ఏమీ తగ్గలేదు. మొదటి నెల ఆడబిడ్డ విసిగిపోయి, "నీ మాట ఇని తప్పు చేసిన" అని తల్లి మీద అరిచింది. అత్తమ్మ కూతురింట్లోనే ఉండిపోయి, వండిపెట్టి, గోళీలు దగ్గరుండి మింగించింది. మూడో నెలకు రక్తస్రావం దారికొచ్చింది. ఆపరేషన్ మాట మళ్లీ రాలేదు. అత్తమ్మ ఇంటికొచ్చి బ్యాగు దించి, నా చేతులు పట్టుకుని, "బతికిన బిడ్డా" అంది. కూతురు బతికిందని కాదు, తాను బతికానని అంది.

ఇంత మంచి మనిషిని మిర్చి వంపు అని నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే. కానీ మందు మొదలుపెట్టాక ఈ ఐదేళ్లలో ఆమెకు ఒక్క ఎముకా విరగలేదు. చివరి రోజు దాకా తన కాళ్ల మీద తాను నడిచింది. అది తలచుకుంటే దుఃఖంలోనూ తృప్తిగా ఉంటుంది.

పదకొండో రోజు భద్రాచలంలో గోదావరి స్నానాలు చేశాం. మెట్లు తడితడిగా ఉన్నాయి. నేను జారతానేమోనని కమ్మీ పట్టుకుని ఎక్కుతున్నాను. నా ముందు ఆడబిడ్డ, ఇంటికి చల్లడానికి గోదావరి నీళ్లు నింపిన బిందె నెత్తిన పెట్టుకుని ఎక్కుతోంది. నా పక్కన వస్తున్న అత్తమ్మ వాళ్లక్క ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఎనకనుంచి చూస్తే అచ్చం మా చెల్లెనే" అంది. "పెండ్లైన కొత్తల గిట్లనే నడిచేది."

నేను ఈ ఇంటికి వచ్చేనాటికే అత్తమ్మ భుజాలు ముందుకు ఒరిగి ఉన్నాయి. నిటారుగా నిలబడిన అత్తమ్మను నేనెన్నడూ చూడలేదు. ఆ పూట చూశాను, బిందెలో నీళ్లు తొణకకుండా మెట్టు మెట్టూ ఎక్కి ఒడ్డు మీదికి వెళ్లిపోతుండగా.