కోత పండుగలో హాకీ కర్ర

బీదరులో పాత ఆటసామాను కొనేవాడంటే బర్నబాయే. చిద్రిలో ఇల్లు, ఇంటి ముందుగదే దుకాణం. అరిగిన హాకీ కర్రలు, తీగలు తెగిన టెన్నిస్ రాకెట్లు, వెండి పొదిగిన బిద్రీ పచ్చీసు ఆటకాయలు... ఎవరింటి అటక మీద ఏముందో ఆ ఇంటివాళ్లకంటే అతనికే బాగా తెలుసు. చేత్తో తడిమి వస్తువు వయసు చెప్పగల మనిషి. కాకపోతే తెలిసింది ఒకటి, చెప్పేది ఇంకొకటి. ఎంత అరుదైనది చేతికొచ్చినా మొహం చిట్లించి, "ఏమున్నదమ్మా ఇందుల, నిన్నమొన్నటిదే" అనేవాడు. ఇంటివాళ్ల మొహం వాడిపోయేది, బేరం చవగ్గా తెగేది. ఏళ్ల తరబడి అదే మాట. చెప్పి చెప్పి, అది అబద్ధమన్న సంగతే అతని నాలుక మరిచిపోయింది.

ఆ యేడు కోత పండుగకు చర్చి ఆవరణ కిటకిటలాడింది. కోళ్లో, కందులో, ఇంట్లోని మంచి వస్తువో, ఎవరి దగ్గర ఏముంటే అది దేవుని పేర తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని హర్రాజు వేస్తారు. అక్కడ ధర తగ్గించి మాట్లాడేవాడే ఉండడు. గుమ్మడికాయ మేకపిల్ల ధర పలికినా కొన్నవాడు సంబరంగా నెత్తిన పెట్టుకుపోతాడు. ఎవరూ పాడని కానుకను మాత్రం తెచ్చినవాళ్లే పాడుకొని ఇంటికి మోసుకుపోవాలి. ఆ సంఘంలో అంతకు మించిన తలవంపులు లేవు.

హెలెన్ తెచ్చింది, పోయిన ఎండాకాలం చనిపోయిన భర్త ఫిలిప్పు హాకీ కర్ర. అతనికి అది తాత నుంచి వచ్చింది. పాట నడిపిస్తున్న నోయల్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ముందు వరుసలో కూర్చున్న బర్నబా చేతికిచ్చాడు.

"నీకు ఎరుకున్నట్టు ఇంకెవలికి ఎరుక మామా. జర చూసి చెప్పు."

బర్నబాకు రెప్పపాటు చాలు. కర్ర కొన ఇప్పటివాటిలా పొట్టిగా వంగి లేదు, పొడుగ్గా సాగి ఉంది. మోసానికి పాతదానిలా చేసిన కర్రకు గీతలు అన్ని వైపులా పడతాయి. దీనికి బంతి తగిలే చదును వైపే అరిగింది, వెనక గుండ్రటి వైపు నున్నగా ఉంది. స్వాతంత్ర్యానికి ముందు ఆడిన కర్ర, అనుమానం లేదు. ఇలాంటిది అతని చేతికి ఇంతవరకూ రాలేదు. గుండె ఝల్లుమంది. అలా ఝల్లుమన్న ప్రతిసారీ నోరు ఏమంటుందో, ఇప్పుడూ అదే అన్నది.

"ఏమున్నది ఇందుల, నిన్నమొన్నటిదే. పొయ్యిలకు పనికొస్తది."

జనం గొల్లున నవ్వారు. నోయల్ మళ్లీ మళ్లీ పిలిచినా ఒక్కరూ పాడలేదు. తానెక్కడ కూర్చుని ఆ మాట అన్నాడో బర్నబాకు అప్పుడు తెలిసొచ్చింది. దిద్దుకుందామని నోరు తెరిచాడు. ఎదురుగా దీనా కనిపించింది. వాళ్లమ్మ పచ్చీసు కాయలు ఇదే మాట చెప్పి కొన్నాడు. నోయల్ వాళ్ల తాత రాకెట్టూ అంతే. ఈ కర్ర పాతదని ఒప్పుకుంటే, మరి మా సామాను సంగతేమిటని అందరూ లేస్తారు. తెరిచిన నోరు మూసుకున్నాడు, పిరికివాడు. హెలెన్ లేచి, తన కానుకను తానే పాడుకొని, కొంగు కింద పెట్టుకొని వెళ్లిపోయింది.

ఆ వారమంతా బర్నబాకు అన్నం సయించలేదు. దుకాణంలో ఏ వస్తువు చూసినా సిగ్గుతో చచ్చిపోయేవాడు. చివరికి శనివారం పొద్దున హెలెన్ ఇంటికి వెళ్లాడు. కర్ర తలుపు వెనక నిలబెట్టి ఉంది.

"అక్కా, గది మస్తు పాతది. నేను అబద్ధమాడిన," అన్నాడు నేల చూస్తూ.

"ఎరికే," అన్నది హెలెన్. "మా క్యారం బోర్డు కొన్ననాడు గూడ గట్లనే అంటివి. ఆయన నవ్విండు. పోనీ తియ్, పొట్టకూటికి అంటుండు అన్నడు. దుకాణంల నువ్వేమన్నా అనుకో తమ్మీ. దేవుని ముంగటన్నా నిజం చెప్తవని దాన్ని గుడికి తెచ్చిన."

ఆమె తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆలుమగలిద్దరూ తెలిసే ఊరుకున్నారు. వీళ్లిద్దరికే తెలిసి ఉంటుందిలే అని ఒక పిచ్చి ఆశ.

"రేపు అందరి ముంగట చెప్తనక్కా."

హెలెన్ కర్ర తెచ్చి అతని చేతికిచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక బర్నబా ముందుకెళ్లి నిలబడ్డాడు. కర్ర ఎప్పటిదో, దేన్ని చూసి అలా చెప్పొచ్చో వివరించాడు. "ఇదొక్కటే గాదు," అన్నాడు. "మీ ఇండ్లల్ల కొన్నయన్ని నేను గిట్లనే అబద్ధం చెప్పి కొన్న."

తిట్లకు సిద్ధపడి తలెత్తాడు. దీనా తన బిడ్డ జడకు ఊడిన రిబ్బను కడుతోంది. వెనక ఎవరో దగ్గారు. ఒక్క మొహంలోనూ ఆశ్చర్యం లేదు. ఇన్నేళ్లూ దాచానని అనుకున్నది తానొక్కడే.

"మరి దీని పాట మొదలుపెడదమా మామా," అంటూ నోయల్ చేయి చాచాడు. అతని కళ్లలోకి చూడలేక, బర్నబా తల వంచుకొనే కర్ర అందించాడు.