నాయిన దిద్దిన సంతకం

పోయిన నెల హైదరాబాదులో, పాత ఆటవస్తువుల మంచిచెడ్డలు చూసి చెప్పే ఒకాయన మా అన్న వాలీబాల్‌ను దీపం కింద పెట్టి భూతద్దంతో చూస్తూ ఉంటే, పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే బడిపిల్లలా నేను చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. మా అల్లుడు నాతో వచ్చింది అది ఏమైనా ధర పలుకుతుందేమో చూద్దామని. నాకు ధరతో పని లేదు. దాని మీది సంతకం నిజమైనదేనన్న ఒక్క మాట తెలిసినవాడి నోటి నుంచి వినాలని, ఈ వయసులో, మోకాళ్ళ నొప్పులతో జనగామలో బస్సెక్కాను.

మా ఇల్లు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండేది. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పొద్దు వాలితే ఊళ్ళో మగపిల్లలంతా వాలీబాల్ నెట్టు దగ్గరే ఉండేవారు. మా అన్నకు ఆ ఆట మీద ఉన్న ధ్యాస అన్నం మీద ఉండదని మమ్మల్ని కన్న అవ్వ సణిగేది. ఒకసారి దేశం తరఫున ఆడిన పెద్ద ఆటగాడు కాజీపేటకు వస్తున్నాడని తెలిసి జట్టంతా ప్యాసింజర్ ఎక్కి పోయింది. ఆట అయ్యాక మిగతావాళ్ళు ఆఖరి బండి తప్పిపోతుందని స్టేషనుకు పరుగెత్తితే, అన్న ఒక్కడే జట్టు వదిలేసిన పాత బంతిని చంకలో పెట్టుకుని ఆయన బయటికి వచ్చేదాకా గేటు దగ్గర నిలబడ్డాడట. తెల్లారి బంతి మీద నీలం సిరా సంతకంతో ఇంటికి వచ్చినప్పుడు అన్న ముఖంలో ఉన్న వెలుగు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

ఎవరూ నమ్మలేదు. అంత పెద్దమనిషి ఘన్‌పూర్ పిల్లగాని తోలు అరిగిన బంతి మీద ఎందుకు రాస్తాడని జట్టువాళ్ళు నవ్వారు. వీడే రాసుకున్నాడని తేల్చి, ‘దొంగ సంతకం’ అని పేరు పెట్టారు. మన ఊళ్ళలో పేరు పెట్టడం ఎంత సులువో అది పోగొట్టుకోవడం అంత కష్టం. అన్న పోట్లాడే మనిషి కాదు, మెల్లగా ఆటకు పోవడం మానేశాడు. ఆ వానాకాలమే కామెర్లు వచ్చాయి. ఆకు పసరుతో తగ్గుతుందనుకున్నాం, తగ్గలేదు. వరంగల్ దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. పెండ్లి కూడా కాని పిల్లగాడు, ఆ పేరు మోస్తూనే పోయాడు.

మా నాయిన గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసే హమాలీ. అక్షరం ముక్క రాదు, రేషన్ దుకాణంలోనైనా ఇంకెక్కడైనా వేలిముద్రే. పోయినవాళ్ళను తలుచుకునే పెత్రమాసకు అవ్వ అన్నకు ఇష్టమైన వంకాయ కూర వండి, బంతి పక్కన విస్తరి పెట్టేది. అలాంటి ఒక పెత్రమాసకు, నేను బతుకమ్మ పూలు తెంపుకుని ఇంటికి వచ్చేసరికి, నాయిన బంతిని ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా కొన్న పెన్నును గోనెసంచులు కుట్టే దబ్బనంలా పట్టుకుని, వెలిసిపోతున్న సంతకాన్ని గీత మీద గీత దిద్దుతూ ఉన్నాడు. నేను వచ్చినట్టు తెలిసినా తల ఎత్తలేదు.

“గిది చెరిగిపోతే నా కొడుకు అబద్ధమాడిండనే అంటరు బిడ్డా. ఉండాలె గిది.”

ఆ తర్వాత ఏటేటా అదే పని. పెన్ను అంగీ జేబులో పెట్టుకుని తిరుగుతుంటే, పట్వారీవి ఎప్పుడైనవని తోటి హమాలీలు ఆటపట్టించేవారు. చేతులు వణికే వయసు వచ్చినా మానలేదు. అవ్వా నాయినా పోయాక బంతి నా దగ్గరికి చేరింది.

హైదరాబాదు ఆయన చాలాసేపు చూసి, భూతద్దం పక్కన పెట్టి, దీన్ని ఎవరు దిద్దారని అడిగాడు. మా నాయిన అన్నాను.

“కింద అసలు సంతకం ఉండి ఉండవచ్చమ్మా, లేకపోనూ వచ్చు. పైన ఇన్నిసార్లు దిద్దాక ఇక ఎవరూ చెప్పలేరు.”

మంచివాడే. ఇక మీదట పెన్ను తాకించవద్దని, ఎండ తగలకుండా తెల్లని నూలుగుడ్డలో చుట్టి పెట్టమని, చేతి చెమట కూడా తోలుకు మంచిది కాదని ఓపికగా చెప్పాడు. నేను తల ఊపాను గాని మనసు అక్కడ లేదు. అన్న మాట నిలబెట్టాలని నాయిన పడ్డ పాటే, అన్నకు ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మింగేసింది. ఈ సంగతి తెలియకుండానే నాయిన పోయాడు, అదొక్కటే మేలు. తిరుగు బస్సులో అల్లుడు చూడకుండా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఇప్పటి పిల్లలు ఆటగాడు కనబడితే పక్కన నిలబడి ఫోటో తీసుకుంటారు, వాళ్ళు ఇల్లు చేరకముందే అది ఊరంతా చూస్తుంది. మంచిదే, నమ్మమని ఎవరినీ బతిమాలుకునే పని లేదు. మా కాలంలో బీదవానికి మాట ఒక్కటే ఉండేది, దాన్ని కాదంటే ఇక చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

మొన్న పెత్రమాసకు బంతిని బయటికి తీశాను. ఎంత జాగ్రత్త చేసినా నీలం మళ్ళీ వెలుస్తోంది. బతుకంతా వేలిముద్ర వేసిన మనిషి తన చేత్తో రాసింది ఈ లోకంలో ఇదొక్కటే, అది కూడా ఆయన పేరు కాదు. దిద్దకపోతే ఏదో ఒకనాటికి చెరిగిపోతుంది, దిద్దితే నా చెయ్యి పడి నాయిన చెయ్యి పోతుంది. పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను. చివరికి మళ్ళీ మూత పెట్టేసి, బంతి పక్కన నాయినకొకటి, అన్నకొకటి విస్తర్లు వేశాను.