పొమేరియన్ అంటే ఏంది?

అరవై తొమ్మిదిలో నేను తార్నాకలో ఒక లెక్చరర్‌గారింట్లో వెనక గదిలో కిరాయికుండేవాణ్ణి. ఎమ్మే చదువుతూ, సాయంత్రాలు క్యాంపస్‌లో రష్యన్ నేర్చుకునేవాణ్ణి. లెక్చరర్‌గారిది కాకినాడ. ఆ ఇంట్లో తెల్లటి బొచ్చుకుక్క ఉండేది. "ఇది పొమేరియన్ బాబూ" అని వాళ్లావిడ గొప్పగా చెప్పేవారు.

ఆ పేరుకు అర్థమేంటని ఒకరోజు మా రష్యన్ మేడంను అడిగాను. ఆమె దాన్ని బోర్డు మీద విడగొట్టి రాసింది. 'పొ' అంటే వెంబడి, 'మోర్యె' అంటే సముద్రం. బాల్టిక్ సముద్రం వెంబడి ఉన్న నేలను అక్కడి పాత స్లావు జనం అట్లా పిలిచేవారట. లాటిన్ రాతల్లోకెక్కి అది పొమెరేనియా అయింది. ఈ కుక్కల పూర్వీకులు ఇంకా ఉత్తరాన మంచు మీద బండ్లు లాగినా, పేరు మాత్రం ఆ ఒడ్డుదే నిలిచింది.

ఇంటికొచ్చి చెబితే ఆవిడ నవ్వారు. "అయితే ఇదీ మా కోస్తాదేనన్నమాట."

కొద్దిరోజులకే తెలంగాణ గొడవలు ముదిరి కాలేజీలు మూతపడ్డాయి. ఆంధ్రావాళ్లను వెళ్లిపొమ్మని గోడల మీద రాతలు. నేనూ ఊరేగింపుల్లో తిరిగినవాణ్ణే. లెక్చరర్‌గారి కుటుంబం ఊరికి బయల్దేరింది.

"ఈ గొడవల్లో రైల్లో దీన్ని తీసుకెళ్లలేం బాబూ. నువ్వు చూస్తావా?" అన్నారావిడ.

"చూస్తానమ్మా."

గొలుసు నా చేతికిచ్చి రిక్షా ఎక్కారు.

ఒక పొద్దున దాన్ని తిప్పుతుంటే మాణికేశ్వర్ నగర్ దగ్గర కొందరు విద్యార్థులు ఆపారు. ఊరేగింపుల్లో నాతో నడిచినవాళ్లే.

"ఆ ఆంధ్ర లెక్చరర్ కుక్క గదనే ఇది?" అన్నాడొకడు.

"ఇప్పుడు నాది."

"ఏం జాతి?"

"పొమేరియన్."

"అంటే ఏంది?"

'సముద్రం ఒడ్డు' అని నోటిదాకా వచ్చింది మింగేశాను. "జర్మనీ దిక్కు ఒక జాగ పేరు" అన్నాను.

అతను వంగి దాని చెవుల మధ్య గోకాడు. "గీ ఎండకు ఎట్ల తట్టుకుంటదే?"

"తడి గోనె మీద పండబెడుతున్న."

వాళ్లు వెళ్లిపోయాక దాన్ని తీసుకుని సందుల్లోంచి ఇంటికి నడిచాను.

చలికాలానికి వాళ్లు తిరిగొచ్చారు. గేటు చప్పుడవగానే కుక్క ఆవిడ మీదికి దూకింది. ఆ రోజంతా నావైపు రాలేదు. లెక్చరర్‌గారు నాతో ముభావంగా ఉన్నారు. నా ఊరేగింపుల సంగతి ఆయనకు తెలుసు. వారం గడిచాక ఆయనే గది ముందుకొచ్చి, "టీ తాగుదువు రా" అన్నారు. మరుసటేడు గుంటూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయేటప్పుడు కుక్కనూ తీసుకెళ్లారు. స్టేషన్‌లో రైలు కదిలేదాకా దాని గొలుసు నేనే పట్టుకున్నాను.