నేను చూడని స్పోర్లు

1961లో నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో బాటనీ డెమాన్‌స్ట్రేటర్‌ని. అంటే ప్రాక్టికల్స్ చేయించేవాణ్ణే తప్ప పాఠం చెప్పే లెక్చరర్‌ని కాదు. ఆ తేడా నన్ను లోపల తొలిచేది. ఎండాకాలంలో లెక్చరర్ ఇంటర్వ్యూ ఉంది. ఆలోగా నా పేరుతో ఒక కొత్త జాతి అచ్చులో పడాలని పట్టుబట్టాను.

నా పని నీలి ఆకుపచ్చ శైవలాల మీద. వరిమళ్లలో జిగటగా తేలే పాచిలో ఉంటాయివి. మైక్రోస్కోపులో చూస్తే పూసలు గుచ్చిన దారాల్లా ఉంటాయి. ఆ దారంలో అక్కడక్కడా కాస్త పెద్దగా, తెల్లగా ఒక కణం కనబడుతుంది, అదే హెటిరోసిస్ట్. నీళ్లు ఇంకే రోజుల్లో ఇంకొన్ని కణాలు గోడ మందం చేసుకుని, ఎండకు తట్టుకునే స్పోర్లుగా మారతాయి. స్పోర్ హెటిరోసిస్టును ఆనుకుని వచ్చిందా, దూరంగా వచ్చిందా అన్నది చూసి ఏ జాతో చెబుతాం.

వేములవాడ తోవలో ఒక మడి నుంచి తెచ్చిన పాచి కొలతలు ఒక పాత జాతితో కలిశాయి. ఆ పాత జాతికి స్పోర్లు దూరంగా వస్తాయి. నా పాచికి ఆనుకుని వస్తే అది కొత్త జాతి, లేదంటే పాతదే. గాజుగిన్నెలో పోసి కిటికీ దగ్గర మెల్లగా ఆరబెట్టాను. రెండు వారాలైనా స్పోర్ల జాడ లేదు. ఇంటర్వ్యూ ముంచుకొస్తోంది. ఆనుకునే వస్తాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కెమెరా లూసిడా అనే అద్దాల పరికరంతో దారాన్ని ఉన్నదున్నట్టు గీసి, స్పోర్లను మాత్రం ఊహించి హెటిరోసిస్టు పక్కన చేర్చాను. సిగ్గులేకపోతే సరి, లేని వాటికి పొడవూ వెడల్పూ కూడా వేశాను. నియమం ప్రకారం లాటిన్ వర్ణన జతచేసి పత్రికకు పంపాను.

ఐదో రోజు మా అటెండర్ యాకోబు నా బల్ల దగ్గరికొచ్చాడు. మా బాపు వయసువాడు, మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివినవాడు. లెన్సులు తుడుస్తూ తుడుస్తూ మైక్రోస్కోపు చూడటం తనంతట తానే నేర్చుకున్నాడు. హెటిరోసిస్టును తెల్లపూస అనేవాడు, స్పోర్లను గింజలనేవాడు.

"సార్, గింజలు కట్టినయి. తెల్లపూసకు దూరంగున్నయి. జర సూడుండ్రి."

చూశాను. ఆయన చెప్పింది నిజం. వెంటనే ఇంకో ఉత్తరం రాసి పత్రికను ఆపమనవచ్చు. రాయలేదు. ఆ గిన్నె కడిగెయ్యమన్నాను.

"కడగాల్నా సార్?" అన్నాడు. నేను తలెత్తలేదు. గిన్నె తీసుకుపోయి కడిగాడు.

జాతి అచ్చయింది, నేను లెక్చరర్‌నయ్యాను.

1965లో కాగజ్‌నగర్ పిల్ల సుగుణ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. నేను రాసిన మడికే పోయి పాచి తెచ్చిందట, మూడుసార్లు ఆరబెట్టిందట. మూడుసార్లూ స్పోర్లు దూరంగానే వచ్చాయి. అచ్చులో ఉన్నదానికి ఇది విరుద్ధం కాబట్టి, నేను ఒప్పుకుంటే తప్ప ఆమెను రీసెర్చ్‌కు తీసుకోనని వాళ్ల ప్రొఫెసర్ చెప్పాడు. ఆమె అడిగింది ఒక్కటే, తను ఎక్కడ తప్పు చేస్తోందో చెప్పమని.

గాజుసామాను సర్దుతున్న యాకోబు ఆగాడు. "నువ్వేం తప్పు చేస్తలేవు బిడ్డా. నేను గప్పుడే సూసిన. దూరంగనే ఉండె."

ఆ పిల్ల నా వైపు చూసింది. అవునమ్మా అంటే అయిపోయేది. నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు.

"గిన్నెలు కడిగేటోనికి స్పోర్ ఏందో ఏం తెలుస్తదమ్మా? నీ శాంపిల్‌ల రెండు జాతులు కలిసినయి."

నాకంటే పాతికేళ్లు పెద్దాయనను, ఆయన ముందే అలా అన్నాను. ఆమె నమ్మింది. నేను లెక్చరర్‌ని కదా. యాకోబు మిగతా గాజుసామాను సర్దేశాడు. ఆ తర్వాత ఏనాడూ ఆయన మైక్రోస్కోపులో కన్ను పెట్టగా నేను చూడలేదు.

1968లో ఆయన రిటైరయ్యాక నాకు బుద్ధొచ్చింది. ఆ జాతి లేదని, స్పోర్లను మొదట చూసింది యాకోబని పత్రికకు సవరణ పంపాను. అచ్చయిన కాగితం పట్టుకుని వాళ్లింటికి పోయాను. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, నేను చదివిందంతా విన్నాడు. సంతోషపడతాడనుకున్నాను, అబద్ధం ఎందుకు.

"గా పిల్లకు చెప్పిన్రా సార్?" అన్నాడు.

చెప్పలేదు. ఆ ఆలోచనే రాలేదు.

సుగుణ ఆసిఫాబాద్ దగ్గర ఒక బడిలో టీచరని ఆయనే చెప్పాడు. ఏటా క్రిస్మస్‌కు ఆయనకు కార్డు రాస్తుందట. మర్నాడే బస్సెక్కాను. బడి వరండాలో నిలబడి నేను చెప్పిందంతా ఆమె నెమ్మదిగా విన్నది. కోపం చేయలేదు, ఏడవలేదు.

"మూడేండ్లు నా కండ్లనే అనుమానించిన సార్," అని, గంట కొట్టగానే క్లాసులోకి పోయింది.

జాతి వర్ణనలో 'స్పోర్లు కనబడలేదు' అని రాయవచ్చు, అది తప్పేం కాదు. మా విద్యార్థులకు మొదటి రోజే ఆ మాట బోర్డు మీద రాసి చూపిస్తాను. ఆనాడు నేనది రాసుంటే నా ఉద్యోగం ఒక ఏడాది ఆలస్యమయ్యేది. సుగుణ మళ్లీ మైక్రోస్కోపు ముట్టలేదు.