మోకు గుంజిన ఆడవాళ్ల అంగడి

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు మామిడి విరగకాసింది. పోచంపల్లి వైపు పోయే బండ్లబాట పక్కనే మా తోట. నా భర్త వాళ్ల తాత పెట్టిన చెట్లవి. ఒక్కో చెట్టు కింద పెళ్లిపందిరంత నీడ ఉండేది. తోట వెనక రాళ్లగుట్ట, దాని నిండా సీతాఫలం చెట్లు. నేను పుట్టిన ఊళ్లో అన్నీ ఎర్ర చెలకలే. ఇంత పచ్చదనంలో బతకబోతున్నానా అని తెల్లవారి లేచినప్పుడల్లా ఆశ్చర్యపోయేదాన్ని.

మొదటి కోత మాత్రం మాది కాదు. గడీ మనుషులు వచ్చి మేలైన కాయలన్నీ తెంపించి, మా తలలకే గంపలెత్తి, దొర ఉండే కోటలాంటి గడీకి మోయించేవారు. అది వెట్టి. కూలి ఊసే లేదు. మిగిలిన కాయను ఊళ్లో ఉండే ఒక ముస్లిం పెద్దామె కొని, బండి మీద పట్నం చేర్చి అమ్ముకునేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊరంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేది. మా అత్త మాత్రం అక్కా అని పిలిచేది.

మరుసటి ఏడు ఊళ్లోకి దొరలకు ఎదురు తిరిగే సంఘం వచ్చింది. నా భర్త ఆ సంఘం దళంతో వెళ్లిపోయాడు. మామ అప్పటికే కాలం చేశాడు కనుక ఇంట్లో అత్త, నేను మిగిలాం. ఆ ఏడు గడీకి గంపలు పోలేదు. దొర ఊరు విడిచి హైదరాబాదు చేరాడు. చలికాలం చివర్లో నిజాం వైపు రజాకార్లు ఊరి మీద పడ్డారు. మేం గుట్టెక్కి రాళ్ల సందుల్లో దాక్కున్నాం. చూస్తుండగానే ఇల్లు అంటుకుంది, గడ్డివాము అంటుకుంది. ఎండుటాకులు పరుచుకున్న తోట ఒక కొస నుంచి ఇంకో కొసకు కాలిపోయింది. మా ఎడ్లనూ తోలుకుపోయారు.

దిగి వచ్చేసరికి మామిడిచెట్లు నల్లగా, ఒక్క ఆకు లేకుండా నిలబడి ఉన్నాయి. నేను బూడిదలో కూలబడి ఏడ్చాను. అత్త ఏడవలేదు. చెట్టు చెట్టు దగ్గరికీ పోయి, మొదలు దగ్గర గోటితో బెరడు గీకి చూసింది.

"గిటు రా పిల్లా. జూడు, లోపట పచ్చగున్నది. పానం పోలే. నీళ్లు పోస్తే లేస్తది."

"ఎట్ల పోస్తమత్తా? మోటకు ఎడ్లేవి?"

"మనం లేమా?"

మోట అంటే బాయిలోంచి పెద్ద తోలు బొక్కెనతో నీళ్లు లాగడం. దాని లావుపాటి తాడును, అంటే మోకును, ఎడ్ల కాడికి కట్టి ఏటవాలు బాటలో కిందికి తోలితే బొక్కెన పైకి వస్తుంది. ఆ మోకును అత్తా నేనూ భుజాలకు వేసుకుని గుంజాం. సగం దాకా వచ్చి బొక్కెన ఆగింది. ఆ తరువాత దాని బరువే మమ్మల్ని వెనక్కి, బాయి వైపు, ఈడ్వడం మొదలుపెట్టింది. నేను కేక వేశాను. అప్పుడే బాట మీద పోతున్న ఖాలా పరుగెత్తుకొచ్చి మోకు పట్టుకుంది. ముగ్గురం గుంజితే కాలవలో నీళ్లు పడ్డాయి. దోసెడే పడినట్టు అనిపించింది గాని, పడ్డాయి.

మర్నాటి నుంచి ఒక్కొక్కరే ఆడవాళ్లు వచ్చారు. సాలెవాళ్ల ఇంటామె వచ్చింది, చాకలామె వచ్చింది, మాదిగవాడ నుంచి తల్లీ కూతుళ్లు వచ్చారు. మగవాళ్లలో కొందరు దళంలో, కొందరు జైల్లో, కొందరు ఎక్కడున్నారో తెలియదు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఆ ఎండాకాలమంతా పొద్దు పొడవగానే మోకు పట్టుకుని వరసగా ఆ బాట దిగేవాళ్లం. అరచేతులు బొబ్బలెక్కి, చిట్లి, కాయలు కాశాయి. వానలకు ముందు ఒక నల్లటి మోడు నుంచి ఎర్రటి లేతచిగురు బయటికి వచ్చింది. దాన్ని తాకాలనిపించింది గాని ధైర్యం చాలక చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అందరం అలాగే చుట్టూ నిలబడి చూశాం.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా నిజాం మీద పోలీస్ యాక్షన్ జరిగింది. మిలిటరీ బండ్లు వచ్చాయి, రజాకార్లు పారిపోయారు. ఊరు సంతోషపడింది. అయితే ఆ సంతోషం వెంటే పగ కూడా వచ్చింది. ఏ పాపమూ ఎరగని ముస్లిం ఇళ్ల మీద పడుతున్నారని కబుర్లు తెలిశాయి. ఇల్లు కాలాక మేం తోటలో వేసుకున్న గుడిసెలోకి అత్త ఖాలాను తెచ్చి ఉంచింది. రెండు పూటలు గడవక ముందే పక్క ఊరి మనుషులు కొందరు కట్టెలు పట్టుకుని వచ్చారు.

"నీ తోటల తుర్కామె ఉన్నదట. బయటికి తోలు," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

అత్త గుడిసె తడికకు అడ్డంగా నిలబడింది. "మేం మోట గుంజిననాడు గీ బాయికాడ మీలో ఒక్కని మొకం కనవడలే. ఆమె గుంజింది. మీకంటె ఆమెనే నాకు దగ్గరిది. పోండ్రి."

వాళ్లు సణుక్కుంటూ పోయారు. మళ్లీ వస్తామన్నారు. ఖాలాను గుట్ట మీద దాచుదామన్నాను.

"వద్దు," అంది అత్త. "దాసిన మనిషినే ఎతుక్కుంట వస్తరు. నలుగురి నడుమ కూసున్నోళ్లను ముట్టుటానికి ఎవ్వనికైనా జర సిగ్గుంటది."

మంటలు అందని గుట్ట మీద సీతాఫలం బాగా కాసి ఉంది. తెల్లవారగానే గంపలు నింపి, బండ్లబాట పక్కన ఖాలాను కూర్చోబెట్టి, అత్త ఆమె పక్కన కూర్చుంది. సంగతి విని మోకు పట్టిన ఆడవాళ్లందరూ వచ్చారు. ఒకరు సొరకాయలు, ఒకరు మక్కకంకులు, ఒకరు చాటెడు పెసర్లు, ఎవరికి ఉన్నది వాళ్లు ముందర పోసుకుని ఖాలా చుట్టూ కూర్చున్నారు. అమ్మడానికి కాదు, ఆమెకు కాపలాగా. కొనేవాళ్లు మాత్రం నిజంగానే వచ్చారు. నెలల తరబడి భయంతో అంగళ్లు నడవలేదు, జనం ఆకలి మీద ఉన్నారు.

మధ్యాహ్నానికి ఆ పెద్దాయన కనిపించాడు. చేతిలో కట్టె లేదు, వెంట మనవరాలుంది. ఆ పిల్ల పండ్ల ముందు ఆగి కదలనంది. ఆయన పిల్ల చెయ్యి పట్టి లాగి చూసి, చివరికి ఖాలా ముందర గొంతుక్కూర్చున్నాడు.

"ఎట్లిస్తున్నవ్?"

ఖాలా ధర చెప్పింది. ఆయన తగ్గించమన్నాడు. ఆమె కుదరదంది. కాసేపటికి ఇద్దరూ మామూలు మనుషుల్లా బేరమాడుతున్నారు. కాలిన చెట్టు చిగురించడం కంటే పెద్ద వింత ఆ రోజు నా కళ్లముందు జరిగింది.

ఆ అంగడి మళ్లీ ఆగలేదు. నా భర్త తిరిగొచ్చాడు. మూడో ఎండాకాలానికి మామిడి మళ్లీ కాసింది. ఖాలా బతికినంత కాలం మా గంపల వరసలో మొదటి చోటే కూర్చుంది. ఇప్పుడు నా మనవలు అక్కడే రేకుల షెడ్డు వేసుకుని మామిడితో పాటు బత్తాయిలు అమ్ముతున్నారు.

అత్త ముసలితనంలో ఆమెను ఒకసారి అడిగాను, ఆ పొద్దు బాట పక్కన కూర్చున్నప్పుడు భయం కాలేదా అని.

"కాకేంది బిడ్డా! నిలవడితె కాళ్లు వణుకుతున్నయ్, అందరికి కనవడ్తదని కూసున్న."