రెండో సంతకం

వేడెక్కిన ప్లాస్టిక్ వాసన తగిలితే నా చేతులు ఇప్పటికీ చల్లబడతాయి. మొన్న మా పాప స్కూల్లో సాయానికి వెళ్తే, టీచర్ పిల్లల బొమ్మల కట్ట ఒకటి నా చేతికిచ్చి, లామినేట్ చేసిపెట్టమని మెషీన్ చూపించి క్లాసుకి వెళ్ళిపోయింది. మెషీన్ మీద పచ్చ లైటు వెలిగింది, ఆ వాసన వచ్చింది, అంతే. నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నదాన్ని, ఇంట్లో అందరి మీదా పెత్తనం చేసేదాన్ని, గోడ పట్టుకుని నిలబడ్డాను. చలపతి అంకుల్ ఉంటే "మళ్ళీనా అమ్మాయ్?" అని నవ్వేవారు.

చలపతి అంకుల్ మాకు బంధువేమీ కారు. నేను అమెరికా వచ్చి ఎమ్మెస్ చదివే రోజుల్లో అరోరా అనే ఊళ్ళో మేం నలుగురమ్మాయిలం అద్దెకున్న అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల ఉండేవారు. రోడ్ల ఇంజనీరుగా రిటైరయ్యారు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆఫీసు వాళ్ళతో కలిసి గోల్ఫ్ నేర్చుకున్నారట. ఆట మాత్రం అంతంతమాత్రమే, బంతి కంటే మట్టి ఎక్కువ లేచేదని వాళ్ళావిడ రాజ్యం ఆంటీ ఆయన ముందే అనేవారు. ఆయన పిచ్చంతా పాత కాగితాల మీద. ఊరి చివర ఒక పాత గోల్ఫ్ క్లబ్బులో వందేళ్ళ కిందట దేశమంతా చెప్పుకున్న చాంపియన్‌షిప్ ఒకటి జరిగింది. దాని కాగితాలన్నీ క్లబ్బు వెనక ఒక చిన్న గదిలో ఉండేవి. పైసా జీతం లేకుండా పదిహేనేళ్ళుగా ఆ గది చూసుకునేది అంకులే. తాళంచెవి ఆయన చొక్కా జేబులో కళ్ళజోడు పక్కనే ఉండేది.

పాత రికార్డుల్ని భద్రపరిచే చదువు నాది. ఆ వేసవిలో ఎక్కడా ఇంటర్న్‌షిప్ దొరక్క ఏడుపు ముఖంతో తిరుగుతుంటే, అంకుల్ క్లబ్బు కమిటీతో మాట్లాడి, ఈ అమ్మాయికి పూచీ నాది అని చెప్పి నన్ను ఆ గదిలోకి తీసుకెళ్ళారు. చాంపియన్‌షిప్ మీద ఎగ్జిబిషన్ పెడుతున్నారు, కాగితాలన్నీ స్కాన్ చెయ్యాలి. ఇంటర్న్‌షిప్ పోతే క్రెడిట్లు పోతాయి, క్రెడిట్లు పోతే వీసా స్టేటస్ పోతుంది. అసలే నేను గ్యాస్ స్టవ్ ఆపానా లేదా అని మెట్లు దిగి మళ్ళీ ఎక్కే రకం.

అంకుల్ పద్ధతులు నాకు మరీ కంగారు పుట్టించేవి. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాకే కాగితం ముట్టుకోవాలి. గదిలోకి పెన్ను రాకూడదు, పెన్సిలే. తిండి సంగతి సరేసరి. ఆయన తన పెరుగన్నం డబ్బా కూడా పార్కింగ్‌లో కార్లో కూర్చుని తినొచ్చేవారు.

మొదటివారంలోనే ఒక కార్డు తీసి నాకు చూపించారు. అది గెలిచినవాడిది కాదు, ఓడినవాడిది. గోల్ఫ్‌లో ఆటగాడి స్కోరు వెంట నడిచే ఇంకొకరు రాస్తారు, ఆయన్ని మార్కర్ అంటారు. చివర్లో ఇద్దరూ సంతకం పెడితేనే ఆ కార్డు చెల్లుతుంది. చివరి రోజు గుబురు గడ్డిలో ఇతను కర్ర ఆనించగానే బంతి రవ్వంత కదిలింది. ఎవరూ చూడలేదు. మార్కర్ నాలుగు దెబ్బలని రాశాడు. బంతి కదిలింది, అదీ ఒక దెబ్బే, ఐదు వెయ్యమని ఇతనే చెప్పి దిద్దించాడు. తక్కువ దెబ్బలవాడే గెలిచే ఆటలో ఆ ఒక్క దెబ్బతోనే కప్పు పోయింది. అతని పేరు నాలుగూళ్ళలో కూడా ఎవరికీ తెలీదు, అంకుల్ మాత్రం "మనవాడు" అనేవారు. నాలుగు మీద దిద్దిన ఆ ఐదుని వేలితో తాకకుండా గాల్లోనే చూపిస్తూ, "కప్పు ఆ హాల్లో ఉంది, చాంపియన్‌షిప్ ఇదిగో, ఇక్కడుంది," అన్నారు.

జులైలో ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. రెండు రోజులు రానన్నారు. మొదటి రోజే, స్కాన్ చేద్దామని మనవాడి కార్డు తీస్తుంటే, మూల చిట్లి గోరంత ముక్క రాలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు నాకు గుర్తొచ్చింది నాన్న. నా టెన్త్ మార్కుల మెమో వచ్చిన పూట, అన్నం కూడా తినకుండా జిరాక్స్ షాపుకి పరిగెత్తి లామినేషన్ చేయించుకొచ్చారు. మా ఇంట్లో విలువైన కాగితం అంటే ప్లాస్టిక్‌లో ఉన్న కాగితమే. క్లబ్బు ఆఫీసులో మెనూలకి వాడే లామినేటర్ ఉంది. కార్డునీ, రాలిన ముక్కనీ చక్కగా పేర్చి అందులో పెట్టాను. బయటికి తళతళలాడుతూ వచ్చింది. అంకుల్ ఎంత సంతోషిస్తారో అనుకున్నాను కూడా! ఇంటర్న్‌షిప్ రిపోర్టులో రాయడానికని నా చదువు పుస్తకాలే తిరగేస్తే అప్పుడు కనబడింది. పాత కాగితానికి వేడి ప్లాస్టిక్ అంటిస్తే ఇక ఊడదు, లాగితే కాగితమూ దానితోనే వస్తుంది. చదువుకున్నదాన్నే. పరీక్ష రాసి మర్చిపోయినదాన్నే.

మూడో రోజు అంకుల్ నల్ల కళ్ళద్దాలతో వచ్చి కార్డులన్నీ ఒకసారి తడిమి చూసుకున్నారు. ఎగ్జిబిషన్‌కని తీయించిన నకళ్ళు కొన్ని కూడా ప్లాస్టిక్‌లోనే ఉన్నాయి. మనవాడి కార్డు చేతికి తగలగానే ఆగి, "ఇది కాపీయేనా?" అన్నారు.

"అవునంకుల్."

"ఒరిజినల్ కవర్లో ఉందిగా?"

"ఉందంకుల్."

ఆయన తలూపి పక్కన పెట్టేశారు. ఎంత సులువుగా అయిపోయిందో! మర్నాడు శుక్రవారం కమిటీ వాళ్ళు వచ్చి చూస్తారు. స్కాన్ ఉంది, ఇంకో మంచి నకలు తీస్తే ఎవరికీ తెలీదు. ఎవరూ చూడలేదు అని నాలో నేను అనుకున్నాను, ఆ మాటకే నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ కార్డు కథంతా ఆ మాట మీదే కదా నడిచింది.

మధ్యాహ్నం పార్కింగ్‌లో ఆయన కారు తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన పెరుగన్నం తింటున్నారు. ఒక్క గుక్కలో అంతా చెప్పేసి ఏడ్చాను. ఆయన చెంచా డబ్బాలో పెట్టేశారు.

"నిన్ను తిట్టే ఓపిక లేదమ్మాయ్, కళ్ళు మండుతున్నాయి," అన్నారు. "ప్లాస్టిక్‌ది కాదు నా బాధ. పొద్దున అవునన్నావు చూడు, అదీ."

నేను సారీ అన్నాను. ఆయన డబ్బాకి మూత పెట్టి, గదిలోకి తీసుకెళ్ళి, తెల్లకాగితం నా ముందు పెట్టారు. ఏ రోజు, ఏం చేశాను, ఎందుకు చేశాను, పొద్దున ఏం అబద్ధం చెప్పాను, అన్నీ పెన్సిల్‌తో రాయించారు. రాసి సంతకం పెట్టాను. ఆయన కాగితం తన వైపు తిప్పుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, నా పేరు కింద తన పేరు రాశారు.

"మీరెందుకంకుల్? మీరు లేరు కదా ఆ రోజు."

"మార్కర్ సంతకం లేకుండా కార్డు చెల్లదమ్మా," అన్నారు.

కమిటీ వాళ్ళు ఆ కాగితం చదివి, ఒకరి ముఖాలొకరు చూసుకుని, నన్ను బయటికి పంపారు. అరగంట తర్వాత అంకుల్ వచ్చి, ఇంటర్న్‌షిప్ ఉంటుందనీ, ఇకమీదట ఆఫీసులో కూర్చుని స్కాన్‌లు చూసి టైప్ మాత్రమే చెయ్యాలనీ చెప్పారు. మనవాడి కార్డుని ప్లాస్టిక్‌తోనే అద్దాల పెట్టెలో పెట్టారు. మిగిలిన వేసవంతా అంకుల్ కూడా నా పక్కనే ఆఫీసులో కూర్చున్నారు. ఆ గది దుమ్ము కళ్ళకి పడటం లేదన్నారు. నేను నమ్మాను. నాకు క్రెడిట్లు వచ్చాయి, తర్వాత ఉద్యోగం, పెళ్ళి, అన్నీ వచ్చాయి.

రెండేళ్ళ కిందట అంకుల్ పోయారు. పదకొండో రోజున వంటింట్లో ఆంటీకి కాఫీ కలిపిస్తుంటే, మాటల్లో ఆవిడే అన్నారు. "నీ కాగితం చదివిన రోజే కమిటీ వాళ్ళు ఆయన తాళంచెవి తీసేసుకున్నారమ్మా. పూచీ ఇచ్చింది మీరే కదా అన్నారట. నీకు చెప్పొద్దన్నారు మీ అంకుల్, భయస్తురాలు, పరీక్షలు పాడు చేసుకుంటుందని." పదిహేనేళ్ళు చూసుకున్న గది.

మొన్న స్కూల్లో గోడ వదిలి, క్లాసులో ఉన్న టీచర్ దగ్గరికెళ్ళి, ఈ బొమ్మలన్నిటికీ కాపీలున్నాయా అని అడిగొచ్చాను. ఉన్నాయంది. అయినా ఒకటి మెషీన్‌లోకి వంకరగా వెళ్ళి మడతపడింది. ఊదా రంగు ఏనుగు, కింద వంకర అక్షరాలతో ఎవరో పాప పేరు. గదిలో ఎవరూ లేరు. కాపీ ఉండనే ఉంది. నేను ఒక చీటీ మీద, ఈ ఏనుగుని పాడుచేసింది నేనేనని రాసి, సంతకం పెట్టి, బొమ్మకి గుచ్చి టీచర్ బల్ల మీద పెట్టాను. కారు దాకా వచ్చాక గుర్తొచ్చింది. నా పేరు కింద ఇంకో సంతకానికి చోటు వదిలి వచ్చాను.